స్ప్రింగ్ బూట్ వచ్చు, ఇక మైక్రోసర్వీసులేనా? ముందు ట్రాన్సాక్షన్ సంగతి చూడు

తమ్ముడూ, హన్మకొండలో బీటెక్ అయిపోయింది, జావాలో సర్వర్ కోడ్ రాసే స్ప్రింగ్ బూట్‌లో సేవ్, ఎడిట్, డిలీట్ దాకా వచ్చు, పెద్ద సంస్థలకు పనికొచ్చే సర్వర్ అప్లికేషన్లు రాయాలంటే ఇప్పుడు మైక్రోసర్వీసులు (ఒక అప్లికేషన్‌ను చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టడం) నేర్చుకోవాలా, వాటిని నడిపే కుబర్‌నెటీసా అని అడిగావు. రెండూ ఆగుతాయి. నీ కోడ్‌లో ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అని ఒకటిగా కట్టిన డేటాబేస్ పనులు) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఒకే రిక్వెస్ట్ రెండోసారి వస్తే ఏమవుతుంది: ఈ రెండింటికీ ముందు జవాబు చెప్పగలగాలి. నాకు ఈ పాఠం వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో దొరికింది.

అక్కడ ఒక అడ్తి దుకాణానికి మేం నలుగురం కలిసి సాఫ్ట్‌వేర్ రాశాం. కాంటా దగ్గర గుమస్తా ఫోన్‌లో బస్తాల తూకం ఎక్కిస్తాడు. సర్వర్ తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) తయారుచేసి, హమాలీ ఖర్చు తీసేసి, రైతు అంతకుముందు తీసుకున్న అప్పులో కొంత కోసుకుని, చేతికి రావాల్సింది చూపిస్తుంది. మిర్చి సీజన్. యార్డు నిండా బస్తాలు, సిగ్నల్ అంతంతమాత్రం. గుమస్తా సేవ్ నొక్కాడు, చక్రం తిరుగుతూనే ఉంది, మళ్లీ నొక్కాడు. మొదటి రిక్వెస్ట్ సర్వర్‌లో పూర్తిగా పనిచేసింది, జవాబు మాత్రమే ఫోన్‌కు చేరలేదు. రెండోది కూడా పూర్తిగా పనిచేసింది. ఒకే సరుకుకు రెండు తక్‌పట్టీలు. గుమస్తా ఒకటి చించేశాడు కానీ ఖాతాలో అప్పు రెండుసార్లు కోత పడే ఉంది, రెండో కోతకు ఎదురుగా సరుకు డబ్బు లేదు. లెక్క తేడా ఉందని చెప్పడానికి ఆ రైతు మర్నాడు ఊరి నుంచి మళ్లీ బస్సెక్కి రావాల్సి వచ్చింది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. రెండు ట్రాన్సాక్షన్లూ విడివిడిగా చూస్తే సరైనవే. తప్పు మా డిజైన్‌ది.

ముందు బటన్‌ను ఒకసారి నొక్కగానే పనిచేయకుండా చేశాం. యాప్ మూసి తెరిస్తే మళ్లీ అదే కథ. తర్వాత "ఈ తక్‌పట్టీ ఇదివరకే ఉందా" అని టేబుల్‌లో వెతికి, లేకపోతేనే రాసేలా మార్చాం. అదీ చాలదు. రెండు రిక్వెస్ట్‌లు ఒకేసారి వస్తే, మొదటిది కమిట్ అయ్యేదాకా, అంటే రాసింది ఖాయమయ్యేదాకా, అది రాసిన వరుస రెండోదానికి కనిపించదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా పనిచేసే రీడ్ కమిటెడ్ పద్ధతి అదే. ఇద్దరూ "లేదు" అనుకుని ఇద్దరూ రాస్తారు. చివరికి నిలిచింది ఇది: ఫారం తెరిచినప్పుడే ఫోన్ ఒక ప్రత్యేకమైన ఐడీ పుట్టించి దాచుకుంటుంది, ఎన్నిసార్లు పంపినా అదే పంపుతుంది. సర్వర్‌లో ఆ ఐడీ కాలమ్ మీద యునిక్ కన్‌స్ట్రెయింట్, అంటే ఒకే విలువను రెండోసారి రాయనివ్వని నియమం. తక్‌పట్టీ, అప్పు కోత, ఆ ఐడీ మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో. రెండోసారి వస్తే డేటాబేస్ ఒప్పుకోదు, మనం పాత తక్‌పట్టీనే తిరిగి పంపుతాం. ఒక్క జాగ్రత్త: పోస్ట్‌గ్రెస్‌లో ఆ ఎర్రర్ వచ్చాక ఆ ట్రాన్సాక్షన్ ఇక దేనికీ పనికిరాదు, పాతదాన్ని కొత్త ట్రాన్సాక్షన్‌లో చదవాలి.

ఇంకో దెబ్బ ఎస్సెమ్మెస్ వల్ల తగిలింది. తక్‌పట్టీ కాగానే రైతుకు మెసేజ్ పంపే కోడ్‌ను అదే ట్రాన్సాక్షనల్ మెథడ్ లోపల రాశాం. ఒకరోజు మెసేజ్ పంపే సర్వీస్ నెమ్మదించింది. స్ప్రింగ్ బూట్‌తో వచ్చే హికారీ పూల్‌లో (డేటాబేస్ కనెక్షన్లను సిద్ధంగా ఉంచి పంచేది ఇదే), మనం మార్చకపోతే, గరిష్ఠంగా 10 కనెక్షన్లే. పదీ మెసేజ్ జవాబు కోసం ట్రాన్సాక్షన్ పట్టుకుని కూర్చున్నాయి. పదకొండో రిక్వెస్ట్ నుంచి 30 సెకన్లు ఆగి ఫెయిలవడమే. రిక్వెస్ట్‌లు అందుకునే టామ్‌క్యాట్‌లో మామూలుగా 200 థ్రెడ్లున్నా ఏం లాభం? పూల్ సైజు పెంచమని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. బయటి సర్వీస్‌ను ట్రాన్సాక్షన్ లోపల పిలవకు. పంపాల్సిన మెసేజ్‌ను తక్‌పట్టీతో పాటే ఒక టేబుల్‌లో రాసి కమిట్ చెయ్, వేరే జాబ్ దాన్ని తీసి పంపుతుంది. దీన్నే అవుట్‌బాక్స్ అంటారు. ఆ జాబ్ మధ్యలో ఆగితే ఒక మెసేజ్ రెండుసార్లు వెళ్లొచ్చు, లెక్క మాత్రం చెదరదు.

స్ప్రింగ్‌లో చాలామంది పడే గుంతలు రెండు. మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అనే యానొటేషన్ రాసినా, చెక్డ్ ఎక్సెప్షన్ (పట్టుకోమని కంపైలరే అడిగే రకం) వస్తే మనం విడిగా చెప్పనిదే రోల్‌బ్యాక్ కాదు, అంటే రాసింది వెనక్కి పోదు; రన్‌టైమ్ ఎక్సెప్షన్‌కు, ఎర్రర్‌కు మాత్రమే అవుతుంది. అదే క్లాసులోని ఒక మెథడ్ ఇంకో మెథడ్‌ను నేరుగా పిలిస్తే మామూలు ప్రాక్సీ పద్ధతిలో (బయటి నుంచి వచ్చే పిలుపునే స్ప్రింగ్ మధ్యలో పట్టుకుంటుంది) ఆ యానొటేషన్ అసలు పనిచేయదు. డబ్బుకు డబుల్ వాడకు, బిగ్‌డెసిమల్ వాడు, లేదా పైసల్లో పూర్ణాంకాలుగా దాచు.

పాత ట్యుటోరియల్స్ చూస్తుంటే ఇది గుర్తుంచుకో: 2022 నవంబర్‌లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3కి కనీసం జావా 17 కావాలి, ఎంటర్‌ప్రైజ్ ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారాయి. పాత కోడ్ కంపైల్ కాకపోతే అది నీ తప్పు కాదు. 1999లో పెద్ద సంస్థల కోసం జావా వేదికగా జే2ఈఈ వచ్చినప్పటి నుంచి పైన పేర్లు మారుతూనే ఉన్నాయి, కమిట్, రోల్‌బ్యాక్ మాత్రం అవే.

మైక్రోసర్వీసుల మాటకొస్తే, తక్‌పట్టీని ఒక సర్వీస్‌లో, అప్పు ఖాతాను ఇంకో సర్వీస్‌లో పెట్టి ఎవరి డేటాబేస్ వాళ్లకిస్తే, పైన చెప్పిన ఒక్క ట్రాన్సాక్షన్ ఇక ఉండదు. ఒకటి రాసి రెండోది ఫెయిలైతే సరిదిద్దే కోడ్ నువ్వే రాయాలి. నలుగురున్న టీమ్‌కు ఆ బరువు వద్దు. ఒకే అప్లికేషన్, లోపల శుభ్రంగా విడదీసిన మాడ్యూళ్లు చాలు.

ఈ వారం ఒక పని చెయ్. రైతు ఖాతా, తక్‌పట్టీ, రెండే టేబుళ్లతో చిన్న అప్లికేషన్ రాయి. లోడ్ పరీక్షలకు వాడే జేమీటర్‌తో ఒకే ఐడీ ఉన్న రిక్వెస్ట్‌ను 50 థ్రెడ్ల నుంచి ఒకేసారి పంపు. తర్వాత సేవ్ అవుతుండగా మధ్యలో సర్వర్‌ను చంపేసి, లేపి, అదే రిక్వెస్ట్ మళ్లీ పంపు. రెండుసార్లూ టేబుల్ తెరిచి అప్పు ఎన్నిసార్లు కోత పడిందో లెక్కపెట్టు. ఒకటి కాకపోతే కోడ్ ఇక్కడే పెట్టు, కూర్చుని చూద్దాం.