పంటు దాటి అంతర్వేదికి

ప్రశ్న: ఏ ఆదివారమో పొద్దున్నే అనుకుని, స్నేహితురాలితో నరసాపురం రేవు దాటి అంతర్వేది చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చా? మాకు బండి లేదు.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: హాయిగా రావచ్చమ్మా. నరసాపురంలో దిగి మాధవాయిపాలెం రేవుకు ఆటో ఎక్కండి. పంటు, అంటే మనుషుల్నీ బండ్లనూ దాటించే రేవు పడవ, వశిష్ఠ గోదావరి దాటించి సఖినేటిపల్లిలో దించుతుంది. ఒడ్డు చేరుతుండగానే మోటారు సైకిళ్లవాళ్లు తొందరపడతారు. మీరు పక్కకు నిలబడి, పంటు పూర్తిగా రేవుకు ఆనాకే అడుగు వేయండి. తడి ఇనుప రేకు బాగా జారుతుంది, వెనక పట్టీ ఉన్న చెప్పులైతే మేలు.

అక్కణ్ణించి అంతర్వేది నరసింహస్వామి గుడిదాకా నడవాలనుకోకండి, ఎండలో ఓపికంతా అక్కడే అయిపోతుంది. షేర్ ఆటో ఎక్కండి. అసలైన నడక గుడి దాటాకే: లైట్‌హౌస్, సముద్రం, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, వెళితే తడి ఇసుక గట్టిగా ఉండి కాలు దిగదు. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పోయిన వారం వెళ్లినవాళ్ల లెక్క పనికిరాదు, జాలర్లను అడగండి. సంగమం దగ్గర మాత్రం నీళ్లలోకి దిగొద్దు. పాటులో ఏటి నీరు సముద్రంలోకి లాగేస్తుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. గోదావరికి వరదొస్తే పంటు ఆపేస్తారు, కాబట్టి ఆ వార్త వింటే ప్రయాణం వాయిదా వేయండి. భీష్మ ఏకాదశి తీర్థం రోజుల్లో రేవు కిక్కిరిసిపోతుంది.

వెళ్లేటప్పుడే ఆఖరి పంటు ఎన్నింటికో కనుక్కోండి. అది తప్పితే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి.