దూలాలు కోసే ముందు ఓ మాట

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మా అక్క, అదే మీ అమ్మ, ఫోన్ చేసింది. వాడు 14 ఇంచుల బ్యాండ్ సా, అదే పట్టీలాంటి బ్లేడు చక్రాల మీద తిరుగుతూ కర్ర కోసే మిషన్, కొని కార్ షెడ్డులో పెట్టాడ్రా, తాతయ్య ఇంటి టేకు దూలాలు తనే పలకలు కోసి పూజగదికి తలుపులు చేస్తాడంట, నువ్వన్నా వాడికి కాస్త చెప్పు అంది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను, మనింట్లో నా తర్వాత కర్రపని జోలికొచ్చినవాడు నువ్వే. కానీ నువ్వు పంపిన బ్లేడు ఫోటో చూశాక నిద్ర పట్టలేదు. ఇంచుకి 10 పళ్ళు! నున్నగా వస్తుందని తీసుకున్నావంట, ఎవడ్రా నీకు చెప్పింది?

కళ్ళద్దాలు పెట్టుకో, గ్లౌజులు వద్దు, వదులు చొక్కా వద్దు, బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకేయ్. ఇవి నీకూ తెలుసు.

ఇది మాత్రం నిదానంగా చదువు. నేను రాజమండ్రిలో సామిల్లులో చేసేటప్పుడు వెనక తలుపుల షెడ్డులో ఒక కుర్రాడుండేవాడు, చేతిపని చాలా శుభ్రం. ఓ రోజు 6 ఇంచుల వేగిస చెక్కని నిలబెట్టి రెండు పలకలుగా చీల్చాల్సొచ్చింది. మిషన్ మీద ప్లైవుడ్ కోసే సన్నపళ్ళ బ్లేడుంది, మార్చడానికి టైం లేదు, ఉన్నదాంతోనే కానిచ్చెయ్ అన్నాడు వాడి పైమేస్త్రీ. అసలు జరిగేదేంటంటే, ప్రతి పన్నూ తను గీకిన పొట్టుని ముందున్న గుంటలో పెట్టుకుని కిందకి మోసుకెళ్ళి బయటపడెయ్యాలి. 10 పళ్ళ బ్లేడైతే 6 ఇంచుల చెక్కలో ఒకేసారి 60 పళ్ళుంటాయి, గుంటలేమో బుల్లివి, సగం దూరంలోనే నిండిపోతాయి. ఇక పన్ను కొయ్యదు, రుద్దుతుంది. వాసనొచ్చింది, చెక్క మాడింది, బ్లేడు వేడెక్కి లోపల్లోపలే పక్కకి వంగి కోత పొట్టలా ఉబ్బింది. కోత ముందుకెళ్ళట్లేదని వాడు బలంగా తోశాడు. అలా బొటనవేళ్ళతో ఒళ్ళంతా బరువేసి తోస్తుంటే చివరి అంగుళం ఒక్కసారి తెగింది, చెక్క అయిపోయింది గానీ చెయ్యి ఆగలేదు. వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణి. ఎడమచేతి బొటనవేలు పోయింది, తర్వాత ఉలి పట్టలేక పని మానేశాడు. అందుకే చెప్తున్నా, బ్లేడు తప్పైతే తోయాల్సొస్తుంది, తోస్తే చెయ్యి పోతుంది, నాకు ఈ రెండూ వేరువేరు కావు.

కాబట్టి ఇంచుకి 3 పళ్ళ బ్లేడు తీసుకో, ముందుకి వంగిన హుక్ పళ్ళది. వెడల్పు అర ఇంచి చాలు. మిషన్ కంపెనీవాళ్ళు ముప్పావు ఇంచి పడుతుందంటారు, పడుతుంది, కానీ ఆ చిన్న ఫ్రేము దాన్ని సరిగ్గా బిగించలేదు, బిగువు లేని వెడల్పు బ్లేడు కన్నా బిగువున్న అర ఇంచి బ్లేడే తిన్నగా పోతుంది. మందం 0.6 మిల్లీమీటర్లు దాటనివ్వకు, చిన్న చక్రం మీద మందం బ్లేడు వంగి వంగి పగుళ్ళొస్తాయి. కోత గరుకుగా ఉంటుంది, ఉండనీ, పలకకి కాస్త మందం ఎక్కువ వదిలి తర్వాత చిత్రిక పట్టు, నునుపు అక్కడొస్తుంది. పొడవు మాన్యువల్లో చూడు, 14 ఇంచుల మిషన్లకి మామూలుగా 93.5 ఇంచులు, ఎత్తు పెంచే దిమ్మ వేయించుంటే 105. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బ్లేడు పట్టీ రెండు కొసలూ కలిపి వెల్డింగ్ చేయించుకుంటే అతుకు మీద వేలితో వెనకవైపు తడిమి చూడు, మెట్టు తగిలితే ప్రతి చుట్టుకీ గైడ్లో, అదే బ్లేడు పక్కకి పోకుండా పట్టుకునే భాగంలో, టక్ టక్ కొడుతుంది, తీసుకోకు.

కార్బైడ్ బ్లేడు, అదే పళ్ళ కొసలకి బాగా గట్టిగా, పెళుసుగా ఉండే ముక్కలు అతికించింది, కొందామా అనుకుంటావేమో. టేకులో ఇసక గుణం ఉంటుంది, మామూలు పన్ను తొందరగా మొద్దుబారుతుంది, కొత్త కర్రకైతే నేనే కొనమందును. కానీ అవి పాత దూలాలు నాన్నా, తాతయ్య ప్రతి పండక్కీ తోరణాలకని, దీపాలకని వాటికి మేకులు కొట్టేవాడు, నేనే కింద నిలబడి అందించేవాణ్ణి. ఒక్క మేకు తగిలినా కార్బైడ్ పళ్ళు రాలిపోతాయి. ముందు మాగ్నెట్ పెట్టి నాలుగు వైపులా వెతుకు, నల్లమచ్చ కనిపిస్తే తవ్వి చూడు, అయినా బైమెటల్ బ్లేడే వాడు, అదే వెనక వంగే ఉక్కు, పళ్ళకి గట్టి ఉక్కు కలిపి చేసింది.

పై గైడు చెక్కకి తగలకుండా, దానికి కాస్త పైన ఉండేంత కిందకి దించు. ఆఖరి నాలుగు ఇంచులు చేత్తో కాదు, చెక్కముక్కతో నెట్టు. పని అయ్యాక బ్లేడు బిగువు వదులు చెయ్. కోసిన పలకలు మధ్యలో పుల్లలు పెట్టి నీడలో పేర్చి కొన్నాళ్ళు ఆగు, లోపలి తేమ బయటపడి వంగేవి అప్పుడే వంగుతాయి.

అక్క మీద విసుక్కోకు, దాని భయం నేను చెప్పిన కథ విన్నప్పటిది. 3 పళ్ళ బ్లేడు ఆర్డర్ పెట్టాక ఫోటో పంపు, దానిమీద రాసిన నంబర్లు కనపడేలా తియ్యి, నేను చూసి సరే అనేదాకా ఆ 10 పళ్ళది మిషన్ మీంచి తీసి పక్కన పెట్టు.

మీ మామయ్య