ఒరిగిన దర్వాజకు కొత్త తలుపులు

ప్రశ్న: మాది భూదాన్ పోచంపల్లి. తాతల నాటి మట్టిగోడల పెంకుటిల్లు. వీధి దర్వాజ టేకుది, గట్టిగానే ఉంది కాని ఒక పక్కకు ఒరిగింది. జంట తలుపులు మాత్రం అడుగున పుచ్చిపోయాయి. బజారులో దొరికే ఏడడుగుల తలుపు ఇందులో పట్టదు. దర్వాజే మార్చమని వడ్రంగి అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: దర్వాజను కదిలించకండి. ఇలాంటి ఇళ్ళలో ముందు దర్వాజ నిలబెట్టి, దాని చుట్టూ గోడ పెట్టుకుంటూ పోయేవారు కనుక, ఇప్పుడు ఊడబెరికితే పైగోడ పగుళ్ళిచ్చే ప్రమాదం ఉంది. ఆ సందులను సిమెంటుతో పూడిస్తే మట్టిలోని తడి బయటికి పోలేక చెక్క పక్కనే నిలిచిపోతుంది. 1951లో వినోబా భావే భూదానం మొదలైన ఊరనీ, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చిన ఊరనీ చూడవచ్చేవారికి పాత దర్వాజే నచ్చవచ్చు గాని, నేను వద్దనడం గోడ కోసమే.

దర్వాజ ఒరిగినప్పుడు ఒక్క కొలత చాలదు. వెడల్పును పైన, నడుమ, కింద మూడు చోట్లా, ఎత్తును రెండు పక్కలా కొలిచి, మూల నుంచి మూలకు కూడా టేపు పట్టించండి. ఆ రెండు మూల కొలతలూ కలవకపోతే తలుపులనూ అంతే వంకరగా కోయాలి. పల్చటి ప్లైవుడ్‌ను దర్వాజకు ఆనించి, లోపలి అంచు వెంట పెన్సిలుతో గీత గీయించి, ఆ అచ్చునే వడ్రంగికి ఇవ్వడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

బాగా ఆరిన టేకే వాడించండి. చెక్క వానాకాలంలో పొడవునా కాక అడ్డంగా ఉబ్బుతుంది కాబట్టి, నడిమి పలకలను గాడిలో వదులుగా కూర్చాలే తప్ప జిగురుతో అంటించకూడదు. ఎండాకాలంలో బిగిస్తే చుట్టూ సుమారు 3 మిల్లీమీటర్ల సందు వదలమనండి. వానల్లో బిగిస్తే అంత అక్కరలేదు.

పుచ్చిన చోట మట్టి చారలు కనిపిస్తే అది చెదల పనే, కొత్త తలుపులకు ముందే మందు కొట్టించండి. కనిపించకపోతే అనుమానం నీళ్ళ మీదే. గడప కడిగినప్పుడల్లా తలుపు అడుగు అంచు నీళ్ళు పీలుస్తుంది. కంటికి కనిపించదని చాలామంది ఆ అంచుకు రంగు వేయరు. బిగించక ముందే తలుపులను పడుకోబెట్టి, పై అంచుకూ కింది అంచుకూ రెండు పూతలు దగ్గరుండి వేయించుకోండి.