బోర్డు ముందు నేనన్న ఒక్క మాట

చిరంజీవికి, మీ పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ డిజేబిలిటీ పెన్షన్ రెండో అప్పీలు కూడా తోసిపుచ్చారనీ, నువ్వు సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లదలిచావనీ మీ నాన్న చెప్పినప్పుడు, ఆ నడుముతో అంత తిరుగుడు తిరగగలవా అని బెంగపడ్డాను. పట్టు వదలనందుకు గర్వపడ్డాను. ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోగా దరఖాస్తు పడాలి. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి.

నా భయమంతా మెడికల్ బోర్డు కాగితాల గురించే. నీకున్న ఆంకిలోసింగ్ స్పాండిలైటిసే, అదే ఈ వెన్ను కీళ్ల వాపు జబ్బే, నాకూ ఉంది కదా. సైన్యం నుంచి పంపేముందు వైద్య పరీక్ష చేసే నా రిలీజ్ బోర్డు నాడు, తెల్లవారి బిగుసుకుపోయిన నడుముతో బల్ల అంచున కూర్చుని ఉంటే, సైన్యంలో చేరకముందు ఎప్పుడైనా నొప్పి ఉండేదా అని డాక్టరు అడిగారు. మరీ మూలుగుతున్నానని అనుకుంటారేమోనని, "కోతల రోజుల్లో పట్టేసేది సార్" అన్నాను. కోతకు వంగిన ఎవరి నడుము పట్టేయదు? రాత్రి విశ్రాంతితో తగ్గిపోయే ఆ నొప్పి వేరు. పడుకుంటే పెరిగి, లేచి నడిస్తే సడలే ఈ వాపు జబ్బు నొప్పి వేరు. ఆ తేడా నాకప్పుడు తెలియదు. ఆయన రాసుకున్నారు, నేను చదవకుండా సంతకం పెట్టాను. జబ్బు సర్వీసుకు ముందు నుంచే ఉందంటూ నా అప్పీలు కొట్టేసిన ఉత్తర్వులో నా మాటనే కారణంగా చూపారు.

చేరేనాటి వైద్య పరీక్షలో జబ్బు ఊసు లేకపోతే ఆరోగ్యంగా చేరినట్టే భావించాలనీ, కాదనేవాళ్లే రుజువు చూపాలనీ ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. నువ్వు బయటికొచ్చింది 2023 సెప్టెంబరు 21 నాటి కొత్త పెన్షన్ అర్హత నిబంధనలకు ముందే కనుక, ఆ సంగతి లాయరుకు మొదటే చెప్పు. ఇంట్లో ఇద్దరికి ఉంది కాబట్టి వంశపారంపర్యమని వాదిస్తారు. అడిగితే దాచకు. ఈ జబ్బుతో ముడిపెట్టే హెచ్ఎల్ఏ-బి27 జన్యువున్న వాళ్లలో ఎక్కువమందికి అది రానే రాదు. పైగా సర్వీసు వల్ల ముదిరిందని తేలినా పెన్షన్‌కు అర్హత ఉంటుంది. అందుకే ఒంట్లో బాగాలేదని సిక్ రిపోర్టు చేసిన ప్రతి తేదీ, అప్పటి పోస్టింగు పక్కపక్కన రాసి పెట్టుకో.

నువ్వు కూడా చదవకుండానే సంతకం పెట్టావని తెలిసి నాకెంత కోపం వచ్చిందో! అన్నీ తెలిసిన నేను ముందే హెచ్చరించి ఉండవలసింది నాన్నా. బోర్డు ప్రొసీడింగ్స్ నకలు రాగానే, నీ సొంత వాంగ్మూలం ఉన్న పేజీని ముందు నాకు పంపు. ఈసారి ప్రతి అక్షరం నేను చదువుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న