డ్రాకులా మొదట్లో వంకాయ కూర దేనికి?

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి చెప్పాడని బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ మొదలుపెట్టాను. భయపడదామని కూర్చుంటే రైలు టైములూ, తిండి ముచ్చట్లూ! వంకాయ కూర దగ్గర విసుగొచ్చి ఆపేశాను. సరాసరి డ్రాకులా కోటలోకి వెళ్లిపోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. డిగ్రీ రోజుల్లో నేను చేసింది ఆ పనే. పెద్దగా భయమేమీ వేయలేదు. పదేళ్ల తర్వాత మొదటినుంచీ చదివాను. ఆ రాత్రి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చుకోవడానికి మావారిని లేపాల్సొచ్చింది.

1897లో వచ్చిన ఈ నవలలో మొదటి నాలుగు అధ్యాయాలూ జోనాథన్ హార్కర్ డైరీయే. ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్న ఒక దొరవారి (ఆయనే డ్రాకులా) దగ్గరికి ఆ పని మీద వెళ్తున్న కుర్ర లాయరు. మే 1 రాత్రి 8.35కి మ్యూనిక్‌లో రైలెక్కాడు. వియన్నాకి గంట లేటు. మిరపపొడి దట్టించిన కోడికూర తిని, బాగుంది గానీ దాహం వేసింది, కాబోయే భార్య మీనా కోసం ఎలా చేస్తారో కనుక్కోవాలి అని రాసుకుంటాడు. పొద్దున్నే మొక్కజొన్న పిండి జావ, ఆ తర్వాత కైమా కూరిన వంకాయ. (మన గుత్తొంకాయకి దూరపు చుట్టం. నాకు నోరూరింది.)

ఇంత లెక్కగా రాసే మనిషి కోటలో చూసింది రాస్తే నమ్మకుండా ఎలా ఉంటాం? అక్కడా మొదట తిండి సంగతే: వేయించిన కోడి, చీజ్, సలాడ్. దొరవారు మాత్రం తినడు, ముందే తిన్నానంటాడు. నౌకరు ఒక్కడూ కనబడడు. మూడో అధ్యాయంలో ఒకరోజు దొరవారే హార్కర్ పక్క సర్దుతూ దొరికిపోతాడు. తర్వాత తలుపు సందులోంచి చూస్తే, భోజనాల బల్ల సర్దేదీ ఆయనే. కోటలో ఇంకెవరూ లేకపోతే, హార్కర్‌ని కోటకి తీసుకొచ్చిన రాత్రి, దారిలో చెయ్యి ఊపి తోడేళ్లని తరిమేసిన బండివాడెవరు? నాకైతే దొరవారు కోటగోడ మీద పాకడం కంటే ఇదే ఎక్కువ భయం.

మీరు వంకాయ దగ్గర ఆగారు కదా, ఇంకో మూడు నాలుగు పేజీలు తిప్పండి. హోటల్ ముసలామె గదిలోకొచ్చి, ఈ రోజేమిటో తెలుసా అని అడుగుతుంది. మనవాడు మే 4 అంటాడు. తారీఖు నాకూ తెలుసు, అసలు ఏ రోజో నీకు తెలుసా అంటుందామె.