సినిమాకు కుదిరింది, ఆటకెందుకు కుదరదు?

ప్రశ్న: మా అబ్బాయి టీవీకి తగిలించి ఆటలాడుకునే కన్సోల్ కొనిపెట్టమని ఏడాదిగా అడుగుతున్నాడు. ఇప్పుడేమో "కన్సోల్ అక్కర్లేదమ్మా, నెలనెలా చందా కడితే చాలు, ఉన్న టీవీలోనే ఆడుకుంటా" అంటున్నాడు. సినిమాలు అలాగే చూస్తున్నాం కదా, నమ్మాలనే ఉంది. కానీ గూగుల్ అంతటి కంపెనీ ఇలాంటిదే మొదలుపెట్టి మూసేసిందని విన్నాను. చందా కట్టమంటారా, కన్సోల్ కొనమంటారా?
- ఒక తల్లి

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. దీన్నే క్లౌడ్ గేమింగ్ అంటారు. ఆట ఎక్కడో కంపెనీ సర్వర్లుండే డేటా సెంటర్‌లో నడుస్తుంది. దాని బొమ్మ వీడియోగా మీ టీవీకి వస్తుంది, వాడు నొక్కిన బటన్ కబురు తిరిగి అక్కడికి వెళ్తుంది. చూడ్డానికి సినిమాలాగే ఉంటుంది. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండింటికీ పొంతన లేదు.

సినిమాను ఒక్కసారి కుదించి ఫైలుగా పెట్టుకుంటే లక్షమంది చూసినా అదే ఫైలు. జనానికి దగ్గరగా ఉన్న సర్వర్లలో దాని కాపీలు పెడతారు. ఇంకొకరు చూస్తే అదనంగా అయ్యేది చాలా తక్కువ. ఆటలో ఆ సుఖం లేదు. మీవాడు కుడికి తిరిగితే ఒక బొమ్మ, ఎడమకు తిరిగితే ఇంకో బొమ్మ. అప్పటికప్పుడు గీసి, అప్పటికప్పుడు కుదించి పంపాలి, సెకనుకు 60 సార్లు. వాడు ఆడినంతసేపూ అక్కడో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డో, అందులో కొంత వాటానో వాడి ఒక్కడికోసమే పనిచేస్తుండాలి. అంటే కన్సోల్ ఖర్చు ఎక్కడికీ పోలేదు, మీ మీంచి దిగి కంపెనీ నెత్తినెక్కింది.

మరి కంపెనీకి గిట్టేదెలా? అందరూ ఒకేసారి ఆడరన్న ధీమా మీద. పదిమంది చందాదారుల్లో ఏ సమయంలో చూసినా ఒక్కడే ఆడుతుంటే ఒక యంత్రంతో పదిమందికీ సర్దేయొచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఆ పదిమందికీ తీరిక దొరికేది సాయంత్రమే.

నేను ఇలాంటి ఒక సర్వీసులో నాలుగేళ్లు పనిచేశాను. ఎన్ని సర్వర్లు కొనాలో లెక్కగట్టడమే నా ఉద్యోగం. మా గది గోడకు ఒక తెర ఉండేది. సాయంత్రం ఆరింటిదాకా దాని మీద ఆకుపచ్చ గీత నేలబారుగా పాకుతుండేది. ఏడున్నరకు లేచేది. తొమ్మిదిన్నరకు పై అంచు తాకేది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు "మీ ముందు ఇంతమంది ఉన్నారు" అన్న క్యూ కనిపించేది. మేం యంత్రాలు కొనాల్సింది ఆ తొమ్మిదిన్నరను దృష్టిలో పెట్టుకుని. వాటి తరుగుదల, అద్దె, మనుషుల జీతాలు భరించాల్సింది మాత్రం 24 గంటలకూ. తెల్లవారుజామున మూడింటికి పడిపోయిన ఆ గీతను చూస్తుంటే, వరుసల కొద్దీ ఖాళీగా వెలుగుతున్న యంత్రాలు గుర్తొచ్చి కడుపు తరుక్కుపోయేది.

అప్పుడే సాయంత్రమైన మరో దేశానికి వాటిని వాడొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. దూరం ఒప్పుకోదు. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 1,000 కిలోమీటర్లు వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు, 10,000 అయితే 100. సినిమా అయితే కాస్త ముందుగా దింపుకుని ఆ ఆలస్యాన్ని కప్పేస్తుంది. ఆటలో తర్వాతి బొమ్మ ఏమిటో మీవాడి వేలికి తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ముందుగా దింపుకునేదేమీ ఉండదు. అందుకే ఆటల సర్వర్లు ఆటగాళ్లకు దగ్గర్లోనే ఉండాలి, వాళ్లతోపాటే నిద్రపోవాలి.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో ఆన్‌లైవ్ అనే క్లౌడ్ గేమింగ్ కంపెనీ చూపించింది. 2010లో అమెరికాలో మొదలైంది, 2012 ఆగస్టులో సిబ్బందినంతా తీసేసింది. దాని దగ్గర వేల సర్వర్లు ఉంటే ఒకే సమయంలో ఆడినవాళ్లు రెండు వేలు కూడా దాటలేదని అప్పట్లో కథనాలు వచ్చాయి. గూగుల్ స్టేడియా 2019 నవంబరులో వచ్చింది. సొంత ఆటల స్టూడియోలను 2021 ఫిబ్రవరిలోనే మూసేశారు, సర్వీసు 2023 జనవరి 18న ఆగిపోయింది. స్టేడియాలో టెక్నాలజీ లోపమేమీ లేదని నా గట్టి నమ్మకం. బొమ్మ బ్రహ్మాండంగా ఉండేది. చాలినంత మంది రాలేదు, అంతే.

ఇక మీ సంగతి. ఒక నెలపాటు మీవాడు ఎన్ని గంటలు ఆడుతున్నాడో కాగితం మీద రాయించండి. సెలవుల్లో ఆడి మిగతా ఏడాది ముట్టుకోకపోతే చందా కట్టండి, ఆడని నెలల్లో ఆపేయండి. రోజూ మూడు గంటలైతే నెలకు 90. ఎన్విడియా కంపెనీ నడిపే క్లౌడ్ సర్వీసు జీఫోర్స్ నౌ 2025 నుంచి డబ్బు కట్టేవాళ్లకు కూడా నెలకు 100 గంటల పరిమితి పెట్టింది, మిగిలినవాటిలో 15 గంటల దాకా వచ్చే నెలకు కలుస్తాయి. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఇంటర్నెట్ బిల్లు కూడా చూసుకోండి. 20 ఎంబీపీఎస్ వీడియో గంటకు 9 జీబీ తింటుంది. 90 గంటలకు 810 జీబీ. మీ ప్లాన్‌లో అంత లేకపోతే, లేదా వాడు నిజంగానే రోజూ ఆడేవాడైతే, కన్సోలే కొనండి.

ప్రశ్న: నా నెట్ స్పీడు 200 ఎంబీపీఎస్. అయినా క్లౌడ్‌లో ఆడితే బటన్ నొక్కాక కాస్త ఆగి కదులుతున్నట్టుంటుంది. ఇంకా పెద్ద ప్లాన్ తీసుకుంటే పోతుందా?

జవాబు: పోదు. డబ్బు తగలేయకండి. స్పీడు అంటే గొట్టం లావు, మీకు కావాల్సింది గొట్టం పొడవు తగ్గడం. అనుమానం తీరాలంటే నేను చేసినట్టు చేయండి. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ పెట్టి, బొటనవేలు, తెర రెండూ కనిపించేలా తీశాను. వేలు బటన్‌ను అదిమిన ఫ్రేము నుంచి బొమ్మ గెంతిన ఫ్రేము దాకా ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టాను. కన్సోల్‌లో 17 వచ్చాయి, అంటే దాదాపు 70 మిల్లీసెకన్లు. అదే ఆట క్లౌడ్‌లో 29, అంటే 120. ఆ తేడాలో కొంత మా ఇంటి వైఫైదే. కేబుల్ పెట్టి మళ్లీ తీస్తే 24కి తగ్గింది. ముందు మీరూ కేబుల్ పెట్టి చూడండి, టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి.

ప్రశ్న: నేను డబ్బులు పెట్టి కొన్న ఆట ఒక క్లౌడ్ సర్వీసులోంచి రాత్రికి రాత్రే మాయమైంది. కొన్నది నేను కదా, తీసేయడానికి వాళ్లెవరు?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కానీ ఇక్కడ రెండు హక్కులున్నాయి. ఆట ఆడుకునే హక్కు మీది. దాన్ని ఇంకొకరి సర్వర్ మీద నడిపి పంపే హక్కు ప్రచురణకర్త ఇవ్వాలి. మనం కొన్న ఆటనే అద్దె కంప్యూటర్‌లో ఆడుకోనివ్వడమే జీఫోర్స్ నౌ పద్ధతి. అయినా 2020లో అది బీటా అనే ప్రయోగ దశ నుంచి బయటికొచ్చిన కొద్దిరోజులకే యాక్టివిజన్ బ్లిజార్డ్, బెథెస్డా అనే ప్రచురణ సంస్థలు తమ ఆటల్ని వెనక్కి తీసుకున్నాయి. అద్దె మీద వచ్చే ఆదాయంలో తమకూ వాటా రావాలన్నది ప్రచురణకర్తల పట్టు అనుకుంటాను. నాకైతే అది అన్యాయంగానే కనిపిస్తుంది, ఒకే ఆటకు మనచేత రెండుసార్లు కట్టించుకోవడం లాంటిది.

ఈ హక్కుల విలువ ఎంతో మైక్రోసాఫ్ట్‌కు బాగా తెలిసొచ్చింది. యాక్టివిజన్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొనబోతే, క్లౌడ్ గేమింగ్‌లో పోటీ దెబ్బతింటుందని బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ 2023 ఏప్రిల్‌లో అడ్డుకుంది. క్లౌడ్ హక్కుల్ని యూబీసాఫ్ట్ అనే మరో ఆటల కంపెనీకి అప్పగించాకే ఆ అక్టోబరులో బేరం పూర్తయింది.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ సర్వీసులో మాత్రమే నడిచే ఆటను పూర్తి ధర పెట్టి కొనకండి. మామూలు కంప్యూటర్ స్టోర్‌లో కొని, క్లౌడ్‌ను అద్దె యంత్రంగానే వాడుకోండి. స్టేడియా మూసేటప్పుడు గూగుల్ ఆటల డబ్బు వెనక్కిచ్చింది, తన ఆటలు కొన్నవాళ్లకు యూబీసాఫ్ట్ కంప్యూటర్ కాపీలు ఇచ్చింది. ప్రతిసారీ అలాంటివాళ్లే తగులుతారనుకోవద్దు. మిగిలిన ఆటల సేవ్ ఫైళ్లు, అంటే ఎంతదాకా ఆడారో దాచే ఫైళ్లు, దింపుకునే వీలుంటే ఈ వారంలోనే దింపి మీ దగ్గర పెట్టుకోండి.