బోర్ చూశాకే పాత రివాల్వర్ బేరం

ప్రశ్న: మాది హనుమకొండ. నాన్నగారి నుంచి వచ్చిన పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ నా లైసెన్సు మీద ఉంది. పాత రివాల్వర్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఒకటి కొని ఇంట్లో దాచుకుని, అప్పుడప్పుడు రేంజ్‌కి తీసుకెళ్లి కాల్చాలని ఉంది. మూడు చూశాను. ఈమధ్య చనిపోయిన ఒక మిలిటరీ ఆఫీసర్ ఇంట్లో బ్రిటిష్ కంపెనీ వెబ్లీ చేసిన .455, తెలిసినాయన అమ్ముతానంటున్న వెబ్లీ .38, డీలర్ దగ్గర సెకండ్‌హ్యాండ్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .32. ఏది తీసుకోమంటారు? కలెక్షన్ కోసమని చెబితే ఎక్కువ ఉంచుకోనిస్తారా?

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న. ఉంచుకోనివ్వరు. ఆయుధాల చట్టం, 1959కి 2019లో చేసిన సవరణతో ఒక వ్యక్తి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోనివే. గుర్తింపు పొందిన షూటింగ్ క్రీడాకారులకు వేరే పరిమితులున్నాయి కానీ అవి సేకరణ సరదాకి వర్తించవు. పన్నెండు బోర్‌తో మీకు ఒకటి అయిపోయింది, ఇక మిగిలింది ఒక్కటే. అందుకే ఎంపిక జాగ్రత్తగా చేసుకోవాలి.

మూడింట్లో చూడటానికి అందమైనది .455 అని ఒప్పుకుంటాను. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆ బరువు, మధ్యకి విరిగి తెరుచుకునే ఆ ఫ్రేము చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ దాని జోలికి వెళ్లకండి. బోర్ అంటే తుపాకీ గొట్టం లోపలి కొలత. .380, .455 రిమ్డ్ (అడుగున అంచు ఉన్న) తూటాలు పట్టే రివాల్వర్లన్నీ ప్రొహిబిటెడ్ బోర్, అంటే వాడుకలో పీబీ అనే నిషేధిత వర్గంలోకి వస్తాయి. వాటికి కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి కావాలి, మీ కమిషనరేట్‌లో ఇచ్చే మామూలు లైసెన్సు చాలదు. అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే సెక్షన్ 25(1ఎ) కింద కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం పద్నాలుగేళ్లు.

మీకు తెలిసినాయన చూపిస్తున్న .38 దగ్గరే చాలామంది పొరపడతారు. వెబ్లీ మార్క్ 4 సర్వీస్ రివాల్వర్‌లో పడేది ఆ .380 తూటాయే. రెండో ప్రపంచ యుద్ధంలో కామన్వెల్త్ సైన్యాలకు స్మిత్ అండ్ వెసన్ పంపిన విక్టరీ మోడల్‌కీ అదే తూటా. '.38 అంటే సివిల్ బోరే కదా' అని అమ్మేవాళ్లు నమ్మకంగా చెబుతారు. చూడాల్సింది అమ్మేవాళ్ల మాట కాదు, ఛాంబర్‌లో ఏ తూటా కూర్చుంటుందో అది. ఆయన లైసెన్సు కాపీ అడిగి, అందులో ఆ ఆయుధం పక్కన పీబీ అని ఉందో ఎన్‌పీబీ (నాన్-ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్సు చాలేది) అని ఉందో చదవండి. కాపీ చూపించడానికి వెనకాడితే బేరం వదిలేయండి.

మీ అవసరానికి సరిపోయేది .32. ఇది నాన్-ప్రొహిబిటెడ్ బోర్. తూటాలు మన ఆయుధ కర్మాగారాల్లోనే తయారవుతాయి కాబట్టి రేంజ్‌లో కాల్చుకోవడానికి కొరత రాదు. డీలర్ దగ్గర మీరు చూసిన ఈ కాన్పూర్ .32ని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ దాని డిజైన్ వెబ్లీ మార్క్ 4 నుంచి వచ్చిందే. పాతదే కావాలని మనసు పీకుతుంటే వెబ్లీలోనే .32 బోర్‌వి ఉన్నాయి, ఓపిగ్గా వెతకండి. నేనైతే మీకు అదే చెబుతాను. ఖరీదు ఎక్కువే అయినా ముచ్చటా తీరుతుంది, చట్టం పరంగా చిక్కూ ఉండదు.

ఏది చూసినా భూతద్దం పెట్టి నంబరు చూడండి. ఫ్రేము మీది నంబరు లైసెన్సులో రాసిన దానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. నంబరు చుట్టూ లోహం కాస్త పల్లంగా, మిగతా చోటు కంటే మెరుస్తూ ఉంటే ఎవరో అరగదీశారని అనుమానించాలి. చెరిపేసిన నంబరున్న తుపాకీ మీ దగ్గర దొరికితే, కాదని మీరు రుజువు చేసుకునేదాకా చెరిపింది మీరేనని సెక్షన్ 8 ఊహిస్తుంది. బ్యారెల్ లోపలి గుంటలు, సిలిండర్ ఊగిసలాట, లాచ్ బిగువు లైసెన్సున్న గన్‌స్మిత్ చేత చూపించుకోండి.

ఇక పద్ధతి. లైసెన్సులో ఖాళీ ఉంది కదా అని నేరుగా కొనేయకూడదు. రెండో ఆయుధానికి అనుమతి కోరుతూ వరంగల్ పోలీస్ కమిషనర్‌కు ముందు దరఖాస్తు పెట్టండి. కారణంగా 'సేకరణ' అని కాకుండా టార్గెట్ ప్రాక్టీస్ అని రాసి, రైఫిల్ క్లబ్ సభ్యత్వ పత్రం జతచేయండి. ప్రైవేటు వ్యక్తి దగ్గర కొంటుంటే సెక్షన్ 5(2) ప్రకారం అమ్మే ఆయన మీ పేరు, చిరునామాతో లైసెన్సింగ్ అధికారికి గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలపాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. ఈలోగా 'ఓ వారం ఇంట్లో పెట్టుకుని చూస్తాను' అనకండి. తెలిసి మీ అదుపులో ఉంచుకుంటే చాలు, అది స్వాధీనమే. గుణవంత్‌లాల్ కేసులో 1972లో సుప్రీంకోర్టు స్వాధీనానికి చెప్పిన అర్థం అంత విస్తృతమైనది. లైసెన్సులో ఎక్కని తుపాకీకి కనీస శిక్ష రెండేళ్లు.

గోడకు తగిలించుకునే కోరికే బలంగా ఉంటే ఇంకో దారి ఉంది. మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధానికి సెక్షన్ 45(సి) కింద ఈ చట్టం వర్తించదు. క్యూరియో (అరుదైన పాత వస్తువు) వర్గంలోకి వచ్చే చిన్న ఆయుధాలు ఉంచుకోవడానికి 2020 నిబంధనల సవరణ తర్వాత లైసెన్సు అక్కర్లేదు. అయితే వాటిని వాడాలన్నా, బయటికి తీసుకెళ్లాలన్నా లైసెన్సు కావాలి. అందులో నమోదు లేకుండా తూటాలూ అమ్మరు. మీ వస్తువు ఆ వర్గంలోకి వస్తుందని అధికారి నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే ఇంటికి తెచ్చుకోండి.

ఆ ఆఫీసర్ కుటుంబానికి ఒక్క మాట చేరవేయండి. లైసెన్సుదారు పోయాక ఆ .455ని బీరువాలో ఉంచుకోకూడదు. సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. వారసులు దరఖాస్తు చేసుకోవడం ఆ తర్వాతి సంగతి. ఆ ఇంట్లో వాళ్లకు ఈ విషయం ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు, రేపే ఫోన్ చేయండి.